2029 గెలుపులు, కప్పు మాత్రం రాలేదు

(మా తెలుగు గ్రంథాలయం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. పోయిన నెల పద్యనాటకాల మీద విన్నాం, అంతకు ముందు నెల ఊరగాయల మీద విన్నాం, ఈ నెల బేస్‌బాల్ కోచ్ మీద వినబోతున్నారు. కార్యదర్శి గారు ఫోన్ చేసి ఏం మాట్లాడతారండీ అని అడిగితే ఈ సంగతి చెప్పాను. అవతల కాసేపు చప్పుడు లేదు. ఆ తరవాత "మనవాళ్ళకి ఎక్కుతుందంటారా?" అన్నారు. ఎక్కుతుందో లేదో చూద్దాం. ఈ హాల్లో సగం మంది కారు డిక్కీలో పిల్లల గ్లవ్వులు, బ్యాట్లు పడున్నాయని నాకు తెలుసు. శనివారం పొద్దున్నే మైదానం పక్కన మడత కుర్చీ వేసుకుని, లోపల ఏం జరుగుతోందో సగం అర్థమై సగం అర్థం కాక, పక్కవాళ్ళు కొట్టినప్పుడల్లా మనమూ చప్పట్లు కొట్టే తండ్రులు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. చూశారా కార్యదర్శి గారూ.

సరే, విషయానికి వస్తాను. మనిషి పేరు మైక్ మార్టిన్. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీకి 1980 నుంచి 2019 దాకా, మధ్యలో ఒక్క ఏడాది కూడా ఖాళీ లేకుండా, 40 సీజన్లు హెడ్ కోచ్. గెలిచిన మ్యాచ్‌లు 2029. ఓడినవి 736. ఎటూ తేలనివి 4. కాలేజీ బేస్‌బాల్‌లో పై మెట్టు, అంటే ఎన్‌సీఏఏ అనే కాలేజీ ఆటల సంస్థ నడిపే డివిజన్ వన్‌లో, ఇన్ని మ్యాచ్‌లు గెలిచిన కోచ్ ఇంకొకరు లేరు. 40 ఏళ్ళలో ఏ ఒక్క సంవత్సరమూ 40 గెలుపులకి తగ్గలేదు. ఏ ఒక్క సంవత్సరమూ జాతీయ టోర్నమెంటుకి చేరకుండా ఆగలేదు. నలభైకి నలభై సార్లు చేరారు.

మరి జాతీయ చాంపియన్‌షిప్‌లు ఎన్ని? చెప్పండి, మొహమాటం లేదు. పది? ఇంకా తగ్గండి. ఐదా? ఇంకా తగ్గాలి. సున్నా అండీ. ఒక్కటి కూడా లేదు.

అందుకే ఈయన గురించి మాట్లాడాలనిపించింది. కప్పులు గెలిచినవాళ్ళ గురించి చెప్పాలంటే బోలెడు మంది ఉన్నారు. సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో రాడ్ డెడో అని ఒకాయన, 11 చాంపియన్‌షిప్‌లు గెలిచారు. ఆగీ గరీడో అని ఇంకొకాయన, రెండు కాలేజీలతో కలిపి 5 గెలిచారు. వాళ్ళ కథ చెప్పుకోవడం సులువు, చివర్లో కప్పు ఉంటుంది కాబట్టి. ఈయన కథకి చివర్లో కప్పు లేదు. మరి ఈయన్ని గెలిచినాయన అనాలా, ఓడినాయన అనాలా? ఆ యూనివర్సిటీ ఉన్న ఊరు తల్లాహసీలో ఈ వాదన నలభై ఏళ్ళు నడిచింది. బార్బర్ షాపులో, చర్చి బయట, మా యూనివర్సిటీ క్యాంటీన్‌లో, అంతటా ఇదే. నేను అక్కడ చదువుకునే రోజుల్లో నా చెవిన కూడా పడుతూనే ఉండేది.

ముందు మనిషిని చూద్దాం. 1944లో నార్త్ కరొలైనాలో షార్లట్‌లో పుట్టారు. అక్కడే దగ్గర్లో వింగేట్ అని ఒక జూనియర్ కాలేజీలో ఆడి, తరవాత ఫ్లోరిడా స్టేట్‌కి వచ్చారు. 1965లో ఆ జట్టు ఒమాహా వెళ్ళినప్పుడు ఈయన ఆటగాడు. ఒమాహా అంటే నెబ్రాస్కాలో ఊరు. కాలేజీ బేస్‌బాల్ జాతీయ పోటీల చివరి ఘట్టం, అంటే కాలేజ్ వరల్డ్ సిరీస్, 1950 నుంచీ ఆ ఊళ్ళోనే జరుగుతోంది. అందుకని ఎవరూ వరల్డ్ సిరీస్‌కి వెళ్ళాం అనరు, ఒమాహా వెళ్ళాం అంటారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ మళ్ళీ వస్తుంది.

చదువయ్యాక కొన్నాళ్ళు మైనర్ లీగుల్లో, అంటే జీతానికి ఆడే బేస్‌బాల్‌లో కింది మెట్లలో ఆడారు, పై మెట్టయిన మేజర్ లీగు దాకా వెళ్ళలేదు. తిరిగొచ్చి కోచింగ్‌లో పడ్డారు. అది కూడా నేరుగా బేస్‌బాల్ కాదు, తల్లాహసీ కమ్యూనిటీ కాలేజీలో బాస్కెట్‌బాల్ కోచ్! 1975లో ఫ్లోరిడా స్టేట్‌లో అసిస్టెంట్‌గా చేరారు. 1979కి డిక్ హౌజర్ అనే ఆయన అక్కడ హెడ్ కోచ్‌గా వచ్చారు. ఆ కాలేజీ పాత విద్యార్థి, మేజర్ లీగుల్లో షార్ట్‌స్టాప్‌గా, అంటే రెండో, మూడో బేసుల మధ్య నిలబడే ఫీల్డరుగా ఆడినాయన, పెద్ద పేరు. ఒక్క సీజన్ చేశారు. ఈలోగా మేజర్ లీగు జట్టు న్యూయార్క్ యాంకీస్ పిలిచింది. యాంకీస్ పిలిస్తే ఎవరు ఆగుతారు? ఆయన వెళ్ళారు, ఆ కుర్చీ మార్టిన్‌కి వచ్చింది.

ఇక్కడ ఒక తమాషా చూడండి. 1980లో ఇద్దరూ కొత్త ఉద్యోగాల్లో ఉన్నారు, ఒకాయన న్యూయార్క్‌లో, ఒకాయన తల్లాహసీలో. ఆ సంవత్సరం హౌజర్ యాంకీస్‌కి 103 మ్యాచ్‌లు గెలిపించారు. 162లో 103 అంటే మామూలు సంగతి కాదు. కానీ ప్లేఆఫ్స్‌లో కాన్సాస్ సిటీ చేతిలో వరసగా మూడు మ్యాచ్‌లు ఓడిపోయారు. అంతే, ఉద్యోగం పోయింది. ఆరు నెలల గెలుపులు, మూడు మ్యాచ్‌ల ఓటమి, యజమాని దేన్ని లెక్కలోకి తీసుకున్నాడు? మూడింటినే. మార్టిన్ పరిస్థితి కూడా దాదాపు అదే, ఏడాదంతా గెలవడం, జూన్‌లో జాతీయ పోటీల దగ్గర ఓడిపోవడం. కానీ ఆయన్ని 40 ఏళ్ళు ఉంచారు. హౌజర్ తరవాత అదే కాన్సాస్ సిటీకి మేనేజర్‌గా వెళ్ళి 1985లో వరల్డ్ సిరీస్ గెలిచారు, 1987లో బ్రెయిన్ ట్యూమర్‌తో పోయారు, పాపం. తల్లాహసీ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. 2005లో ఆ స్టేడియం లోపలి మైదానానికి మార్టిన్ పేరు పెట్టారు. కాబట్టి ఇప్పుడు దాని పూర్తి పేరు డిక్ హౌజర్ స్టేడియంలో మైక్ మార్టిన్ ఫీల్డ్. ఒక్క ఏడాది పనిచేసినాయన పేరు బయట, నలభై ఏళ్ళు పనిచేసినాయన పేరు లోపల.

స్టేడియం అంటే గుర్తొచ్చింది, ఆ సందడి చెప్పకపోతే కథ సగమే. అక్కడ సెక్షన్ బీ అని ఒక గ్యాలరీ ఉంది, అందులో కూర్చునేవాళ్ళని యానిమల్స్ అంటారు. వాళ్ళంతట వాళ్ళు పెట్టుకున్న పేరే. డాక్టర్లు, ప్రొఫెసర్లు, రిటైరైన మాస్టార్లు కూడా ఉంటారు అందులో. అవతలి జట్టుని ఏడిపించడమే పని. బేస్‌బాల్ మ్యాచ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్ కదా, ఐదో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి నిలబడి కెనడా జాతీయ గీతం పాడతారు. ఫ్లోరిడాలో, కెనడాతో ఏ సంబంధమూ లేని మ్యాచ్‌లో! మొదటిసారి చూసినప్పుడు నేనూ లేచి నిలబడ్డాను, ఎవరో కెనడా రాయబారి వచ్చారేమో అనుకుని.

సరే, అసలు కాలేజీ కోచ్ ఉద్యోగం అంటే ఏమిటి? ఇది అర్థమైతే తప్ప 40 ఏళ్ళు వరసగా 40 గెలుపులంటే ఎంత కష్టమో తెలీదు. మామూలు క్లబ్బు కోచ్‌కి మంచి ఆటగాడు దొరికితే పదేళ్ళు ఉంచుకుంటాడు. కాలేజీలో అది కుదరదు. ఇక్కడ నియమం ఏమిటంటే, హైస్కూలు అయిపోగానే కుర్రాడిని మేజర్ లీగు జట్లు డ్రాఫ్ట్‌లో, అంటే ఏటా వంతులవారీగా జరిగే ఆటగాళ్ళ ఎంపికలో, ఎంచుకోవచ్చు. వాడు డబ్బు తీసుకుని సంతకం పెడితే కాలేజీకి రాడు. అలా కాకుండా నాలుగేళ్ళ కాలేజీలో చేరాడంటే మాత్రం మూడో ఏడాది అయ్యేదాకా, లేదా 21 ఏళ్ళు వచ్చేదాకా, వాడిని మళ్ళీ ఎవరూ ముట్టుకోకూడదు. అంటే కోచ్‌కి భయం రెండు వైపులా ఉంటుంది. బాగా ఆడేవాడు రాకుండానే పోవచ్చు. వచ్చినవాడు మూడేళ్ళలో చేతికి అందే టైముకి వెళ్ళిపోతాడు. ప్రతి ఆగస్టులో కొత్త మొహాలే. నలభై ఏళ్ళలో ఆయన ఎన్ని జట్లు కట్టినట్టు? ఒక రకంగా నలభై జట్లు.

డబ్బు సంగతి ఇంకా విచిత్రం. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి అప్పట్లో 85 పూర్తి స్కాలర్‌షిప్‌లు. బేస్‌బాల్‌కి, చాలా ఏళ్ళ పాటు, మొత్తం జట్టుకంతా కలిపి 11.7. అవునండీ, పదకొండు పాయింట్ ఏడు. అంత ఖచ్చితంగా పాయింట్ ఏడు. ముప్ఫై మందికి పైగా ఉన్న జట్టుకి పదకొండూ చిల్లర ఎలా సరిపెడతారు? పెళ్ళిలో లడ్లు తక్కువైతే వంటాయన ముక్కలు చేసి వడ్డించినట్టే, ఒకడికి సగం, ఒకడికి పావు, ఇంకొకడికి పుస్తకాల ఖర్చు. మిగతాది అమ్మానాన్నలు కట్టుకోవాలి. అలాంటప్పుడు కోచ్ కుర్రాడింటికి వెళ్ళి, సోఫాలో కూర్చుని, వాళ్ళమ్మతో మాట్లాడి, పక్క రాష్ట్రం కాలేజీ కన్నా మా కాలేజీ ఎందుకు మంచిదో చెప్పి ఒప్పించాలి. ఒక్కోసారి ఎదురుగా మేజర్ లీగు వాళ్ళు లక్షల డాలర్లు పట్టుకుని నిలబడి ఉంటారు. ఈ పని నలభై ఏళ్ళు చేశారాయన.

ఇక మైదానంలో ఆయన పద్ధతి. క్రికెట్ తెలిసినవాళ్ళకి చెప్తాను. బేస్‌బాల్‌లో పిచర్ విసిరిన బంతి బ్యాటర్ మోకాలికీ ఛాతీకీ మధ్య, ప్లేటు మీదుగా, అంటే బ్యాటర్ పక్కన నేల మీద ఉండే పలక మీదుగా రావాలి. అలా రాకుండా పక్కకి పోతే, బ్యాటర్ దాన్ని ముట్టుకోకపోతే, అది 'బాల్'. మన వైడ్ లాంటిది. అలాంటివి నాలుగైతే బ్యాటర్ నడుచుకుంటూ ఫస్ట్ బేస్‌కి పోవచ్చు. దాన్నే వాక్ అంటారు. మార్టిన్ జట్లకి దేశమంతా ఉన్న పేరు ఇదే: వీళ్ళు ఊరికే బ్యాటు ఊపరు. నిలబడతారు, చూస్తారు, వదిలేస్తారు. పిచర్‌కి విసుగొస్తుంది, చెయ్యి అలిసిపోతుంది, ఐదో ఇన్నింగ్స్‌కి వాడు దిగిపోతాడు, వెనకాల వచ్చే రెండో రకం పిచర్ని అప్పుడు ఉతుకుతారు. చూడ్డానికి బోరు. స్కోరు బోర్డు చూస్తే మాత్రం ఎనిమిదికి రెండు, పదికి మూడు. ఒక వాక్, ఇంకో వాక్, ఒక చిన్న హిట్, తరవాత హోమ్ రన్, అంటే మన సిక్సర్ లాంటిది. పద్ధెనిమిది, పందొమ్మిదేళ్ళ కుర్రాళ్ళకి "కొట్టొద్దు, ఆగు" అని నేర్పడం ఎంత కష్టమో మీ ఇంట్లో ఆ వయసు వాళ్ళు ఉంటే మీకే తెలుసు.

ఆయన దగ్గర ఆడినవాళ్ళలో కొన్ని పేర్లు చెప్తాను, అన్నీ చెప్తే రాత్రవుతుంది. డియాన్ శాండర్స్. ఫుట్‌బాల్‌లో ఎంత పేరో చెప్పక్కర్లేదు. ఆయన ఫ్లోరిడా స్టేట్‌లో ఫుట్‌బాల్, బేస్‌బాల్, ట్రాక్ మూడూ చేశాడు. 1987లో కాన్ఫరెన్స్ పోటీలప్పుడు, అంటే తమ కూటమిలోని కాలేజీల మధ్య పోటీలప్పుడు, ఒకే రోజు ఒక బేస్‌బాల్ మ్యాచ్ ఆడి, మధ్యలో వెళ్ళి రిలే పరుగెత్తి, మళ్ళీ వచ్చి ఇంకో బేస్‌బాల్ మ్యాచ్ ఆడాడని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. తన ఆటగాడు మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య వేరే ఆటకి పరుగెత్తుకుని పోతుంటే పోనిచ్చే కోచ్‌లు ఎంతమంది ఉంటారు చెప్పండి? జే.డీ. డ్రూ, 1997లో ఒకే సీజన్లో 31 హోమ్ రన్లు, 32 బేస్ దొంగతనాలు, అంటే పిచర్ బంతి వేసే లోపు తర్వాతి బేసుకి పరుగెత్తి చేరడం. రెండూ ముప్ఫై దాటించినవాడు కాలేజీ ఆటలో అతనే మొదలు.

బస్టర్ పోజీ గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. జార్జియాలో లీస్‌బర్గ్ అనే చిన్న ఊరి కుర్రాడు. 2006లో వచ్చాడు, షార్ట్‌స్టాప్‌గా మొదటి ఏడాదే అన్ని మ్యాచ్‌లూ ఆడాడు, బ్రహ్మాండంగా ఆడాడు. అలాంటివాడిని రెండో ఏడాది పట్టుకుని నువ్వు క్యాచర్‌గా, అంటే మన వికెట్ కీపర్‌లా బ్యాటర్ వెనకాల, కూర్చో అన్నారు. ఆ ఆలోచన మార్టిన్ కొడుకు మైక్ మార్టిన్ జూనియర్‌ది. అప్పట్లో తండ్రి దగ్గర అసిస్టెంట్, తనూ ఒకప్పటి క్యాచరే. ఊహించండి, మీ జట్టులో మంచి షార్ట్‌స్టాప్ ఉన్నాడు, అంతా సాఫీగా ఉంది, అసిస్టెంట్ వచ్చి వీణ్ణి ప్లేటు వెనకాల కూర్చోబెడదాం అంటాడు. మీరైతే ఏమంటారు? నేనైతే పిచ్చా నీకు అంటాను. మార్టిన్ సరే అన్నారు. 2008కి వచ్చేసరికి పోజీ బ్యాటింగ్ సగటు .463, అంటే దాదాపు రెండుసార్లకి ఒకసారి హిట్, 26 హోమ్ రన్లు, దేశంలోనే అత్యుత్తమ కాలేజీ ఆటగాడిగా గోల్డెన్ స్పైక్స్ అవార్డు. ఆ ఏడాది మే నెలలో సవానా స్టేట్ మీద ఒకే మ్యాచ్‌లో తొమ్మిది స్థానాల్లోనూ ఆడాడు. పిచర్, క్యాచర్, ఫస్ట్ బేస్, అవుట్‌ఫీల్డ్, అన్నీ. దానికి తోడు అదే మ్యాచ్‌లో గ్రాండ్ స్లామ్ కూడా కొట్టాడు, అంటే మూడు బేసుల్లోనూ మనుషులున్నప్పుడు హోమ్ రన్. తరవాత శాన్ ఫ్రాన్సిస్కో జయంట్స్‌తో 2010, 2012, 2014లో మూడు వరల్డ్ సిరీస్‌లు గెలిచాడు. క్యాచర్‌గానే.

ఇక ఒమాహా

ఇప్పుడు మీరందరూ ఎదురుచూస్తున్న చోటికి వద్దాం. మార్టిన్ హెడ్ కోచ్‌గా ఒమాహా 17 సార్లు వెళ్ళారు. రెండుసార్లు ఫైనల్ ఆడారు. 1986లో ఆరిజోనా చేతిలో 10-2తో ఓడారు. అది గట్టి దెబ్బే కానీ ఏకపక్షంగా పోయింది కాబట్టి ఏడవడానికి కూడా ఏమీ లేదు. అసలు గుండెకోత 1999.

ఆ ఏడాది నేను తల్లాహసీలోనే ఉన్నాను. జట్టులో మార్షల్ మెక్‌డూగల్ అని ఒకతను. మే నెలలో మేరీల్యాండ్ మీద ఒకే మ్యాచ్‌లో ఆరు హోమ్ రన్లు కొట్టాడు. ఆరు! ఏడుసార్లు బ్యాటింగ్‌కి వచ్చి ఏడుసార్లూ హిట్టే, అందులో ఆరు మైదానం బయట. అతని బ్యాటు మీద వచ్చిన పరుగులే 16. అలాంటి ఊపు మీద ఒమాహా వెళ్ళారు. ఫైనల్లో ఎవరితో? అదే రాష్ట్రం, మయామీతో. అదే వారం ఇంగ్లండులో క్రికెట్ ప్రపంచ కప్ జరుగుతోంది. గుర్తుందా, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా సెమీఫైనల్, చివరి ఓవర్, డొనాల్డ్ రనౌట్, మ్యాచ్ టై? మా అపార్ట్‌మెంటులో తెలుగు కుర్రాళ్ళం ఆ మ్యాచ్ బాధలోంచి ఇంకా తేరుకోలేదు, ఇంతలో ఇది. మయామీ 6, ఫ్లోరిడా స్టేట్ 5. ఒక్క పరుగు. ఇంకా చోద్యం ఏమిటంటే, మొత్తం టోర్నమెంటులో అత్యుత్తమ ఆటగాడి బహుమతి మెక్‌డూగల్‌కే ఇచ్చారు. ఓడిన జట్టువాడికి. బహుమతి పట్టుకుని అవతల వాళ్ళు గంతులేస్తుంటే చూస్తూ నిలబడాలి. మార్టిన్ కప్పుకి అంత దగ్గరగా మళ్ళీ ఎప్పుడూ వెళ్ళలేదు.

ఎందుకు రాలేదు అంటే రెండు జవాబులున్నాయి. మొదటిది లెక్క. ఈ హాల్లో ముప్పాతిక మంది ఇంజనీర్లే కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను. ఒమాహాకి ప్రతి ఏడాదీ 8 జట్లు వస్తాయి. ఎనిమిదీ సమానమే అనుకుందాం. అంటే గెలిచే అవకాశం ఎనిమిదింట ఒకటి, గెలవకపోయే అవకాశం ఎనిమిదింట ఏడు. 17 సార్లు వెళ్ళి ఒక్కసారీ గెలవకపోవాలంటే ఎనిమిదింట ఏడుని 17 సార్లు గుణించండి. ఎంతొస్తుంది? ఆ, ఫోన్ తీశారు ఎవరో. పది శాతం వస్తుంది. అంటే ఏ లోపమూ లేని కోచ్‌కి కూడా పదింట ఒకసారి ఇలా జరగొచ్చు. బేస్‌బాల్ అసలే అలాంటి ఆట, మేజర్ లీగులో కిరీటం పెట్టుకునే జట్టు కూడా ఏడాదికి అరవై మ్యాచ్‌ల దాకా ఓడుతుంది. ఏ రోజు ఎవరు ఎవర్ని కొడతారో చెప్పలేం. యాభై అరవై మ్యాచ్‌ల సీజన్లో ఎవరు మంచివాళ్ళో తేలుతుంది, ఒమాహాలో నాలుగైదు మ్యాచ్‌ల్లో తేలదు.

కానీ పది శాతం అంటే పది శాతమే కదా, తొంభై శాతం వేరే కథ చెప్తోంది అని మీరు అనొచ్చు. అనాలి కూడా. అందుకే రెండో జవాబు. ఇది నా అభిప్రాయం, కొట్టొద్దు. ఆ ఓపిక పద్ధతి, వాక్‌ల పద్ధతి ఉంది చూశారా, అది మామూలు పిచర్ల మీద పనిచేసినట్టు అగ్రశ్రేణి పిచర్ల మీద పనిచెయ్యదు. మార్చి నెలలో మంగళవారం రాత్రి చిన్న కాలేజీ పిచర్ నాలుగు బంతులు పక్కకి వేస్తాడు. ఒమాహాలో నిలబడ్డవాడు వెయ్యడు. వాడు నేరుగా స్ట్రైకులే, అంటే ప్లేటు మీదుగా సరిగ్గా వచ్చే బంతులే, వేస్తాడు, నువ్వు ఆగితే అవుటైపోతావు. అంటే నలభై ఏళ్ళు ఆయన్ని నిలబెట్టిన పద్ధతే ఆ రెండు వారాల్లో అడ్డం తిరిగిందని నాకు అనిపిస్తుంది. మరి పద్ధతి మార్చుకోవచ్చు కదా అంటారా? మార్చుకుంటే ఆ 40 గెలుపులు ప్రతి ఏడాదీ వచ్చేవా? నాకు నమ్మకం లేదు. ఈ బేరంలో ఆయన ఏ వైపు ఎంచుకున్నారో ఆయనకి తెలుసు అనుకుంటాను.

చివరి రెండేళ్ళు

2018లో గరీడో పేరు మీద ఉన్న రికార్డు, 1975 గెలుపులు, దాన్ని దాటే రోజు వచ్చింది. గరీడో ఆ మార్చిలోనే పోయారు. మే 5న క్లెమ్సన్ మీద గెలిచి మార్టిన్ 1976కి చేరారు. సంబరమే. సరిగ్గా నెల తిరక్కుండా ఏమైందో చూడండి. జాతీయ టోర్నమెంటు మొదటి రౌండు, సొంత మైదానం, సొంత జనం. ముందు శాంఫర్డ్ చేతిలో ఓడారు. తరవాత మిసిసిపీ స్టేట్ మీద తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా 2-0తో ముందున్నారు. చివర్లో ఒక్క హోమ్ రన్, మూడు పరుగులు, 3-2, సీజన్ అయిపోయింది. రికార్డు పెట్టిన సంవత్సరం అలా ముగిసింది. ఆ తరవాతే ఇంకొక్క సీజన్ చేసి దిగిపోతానని ప్రకటించారు.

2019. ఆఖరి సీజన్. మార్చిలో వర్జీనియా టెక్ మీద 2000వ గెలుపు, కాలేజీ బేస్‌బాల్‌లో అక్కడికి చేరిన మొదటి కోచ్. ఆ మైలురాయి అలా ఉంటే జట్టు మాత్రం అంతంత మాత్రంగా ఉంది. నలభై ఏళ్ళలో ఎప్పుడూ లేనిది, అసలు టోర్నమెంటుకి పిలుస్తారా లేదా అని టెన్షన్. 64 జట్లలో చివరాఖర్న పిలిచారు. ఎక్కడికి? జార్జియా యూనివర్సిటీ మైదానానికి. వెళ్ళి జార్జియాని వాళ్ళ ఊళ్ళోనే రెండుసార్లు కొట్టారు. తరవాత సూపర్ రీజనల్, అంటే ఒమాహాకి ముందు రౌండు, లూసియానా స్టేట్ మీద, బేటన్ రూజ్‌లో. అక్కడ ఆడడమంటే పదివేల మంది చెవిలో అరుస్తుంటే ఆడడం. మొదటి మ్యాచ్ గెలిచారు. రెండోది 4-4 దగ్గర ఆగిపోయి పదో ఇన్నింగ్స్, పదకొండో ఇన్నింగ్స్, పన్నెండో ఇన్నింగ్స్. అప్పుడు డ్రూ మెండోజా కొట్టిన ఒక్క హిట్‌తో 5-4. ఆ దెబ్బతో పదిహేడోసారి ఒమాహా. టోర్నమెంటులో చోటే దక్కదనుకున్న జట్టు!

ఇది కథైతే అక్కడ కప్పు గెలవాలి. ఒమాహాలో మొదటి మ్యాచ్ ఆర్కన్సా మీద 1-0తో గెలిచారు కూడా. తరవాత మిషిగన్ మీద ఒక్క పరుగు రాలేదు, 2-0. తరవాత టెక్సస్ టెక్, 4-1. జూన్ 19న ఆయన కెరీర్ అయిపోయింది. అప్పటికి ఆయనకి 75 ఏళ్ళు.

ఆ తరవాతి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ నలభై ఏళ్ళ బరువు ఎంతో అక్కడే తెలిసింది. కొడుకు మార్టిన్ జూనియర్‌కి ఆ పదవి ఇచ్చారు. 2020 కోవిడ్‌లో కొట్టుకుపోయింది, 2021, 2022లో టోర్నమెంటుకి వెళ్ళారు, మొదటి రౌండు దాటలేదు, తీసేశారు. తండ్రికి నలభై ఏళ్ళు, కొడుక్కి మూడేళ్ళు. తరవాత లింక్ జారెట్ అనే ఆయన వచ్చారు, ఆయనా మార్టిన్ దగ్గర షార్ట్‌స్టాప్‌గా ఆడినవాడే. 2023లో 23 గెలుపులు, 31 ఓటములు. దశాబ్దాల తరవాత మొదటిసారి ఫ్లోరిడా స్టేట్ లేకుండా జాతీయ టోర్నమెంటు జరిగింది. ఏడాదికి నలభై గెలుపులు ఏముందిలే, కప్పేది అని నా ముందు వాదించినవాళ్ళు ఆ ఏడాది నోరెత్తలేదు. 2024 ఫిబ్రవరి 1న మార్టిన్ పోయారు, లూయీ బాడీ డిమెన్షియా, 79 ఏళ్ళు. సీజన్ మొదలవడానికి ఇంకా రెండు వారాలుంది. ఆ సీజన్లోనే జారెట్ జట్టు ఒమాహా వెళ్ళింది, టెనెసీ చేతిలో ఓడి వెనక్కి వచ్చింది. కప్పు ఇంకా రాలేదండీ తల్లాహసీకి. ఎవరూ తేలేదు, ఆయనొక్కరే కాదు.

టైము చూస్తున్నాను, కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. ఒక చీటీ మాత్రం వచ్చింది, దానికి జవాబు చెప్పి దిగిపోతాను. "మా అబ్బాయి పదో క్లాసు, పిచర్, కాలేజీలో ఆడే అవకాశం ఉందా, స్కాలర్‌షిప్ వస్తుందా" అని అడిగారు. అమ్మా, ఆ 11.7 లెక్క ఇప్పుడు లేదు. 2025 నుంచి, ఆటగాళ్ళకి డబ్బు ఇవ్వడం మీద నడిచిన కేసులో కుదిరిన కోర్టు సెటిల్‌మెంటులో చేరిన కాలేజీలకి స్కాలర్‌షిప్‌ల మీద పరిమితి తీసేశారు. కాలేజీ ఇష్టమైతే జట్టు మొత్తానికి ఇవ్వొచ్చు. కానీ దానికి బదులు జట్టులో 34 మందికి మించి ఉండకూడదన్నారు. అంటే డబ్బు పెరిగింది, చోటు తగ్గింది. ఇదివరకు చివర్లో ఎక్కడో కూర్చుని నేర్చుకుంటూ ఎదిగేవాళ్ళుండేవారు, ఇప్పుడు ఆ చోటుకే ఎసరొచ్చింది. పెద్ద కాలేజీల పేర్లు పట్టుకుని వేలాడకండి, చిన్న కాలేజీలకీ, జూనియర్ కాలేజీలకీ వీడియోలు పంపండి. మార్టిన్ కూడా జూనియర్ కాలేజీ నుంచి వచ్చినవారే. అబ్బాయి మార్కులు ఎలా ఉన్నాయో కూడా చూడండి, చదువు మీద వచ్చే స్కాలర్‌షిప్ వేరేగా ఉంటుంది, అది చాలా ఇళ్ళల్లో ఎక్కువ పని చేస్తుంది. భుజం నొప్పి అంటే మాత్రం ఆడించకండి, రెండు వారాలు ఆపండి, డాక్టరుకి చూపించండి. మిగతావి టీ దగ్గర మాట్లాడుకుందాం, పకోడీలు చల్లారిపోతున్నాయట.